రెండు మచ్చల ఫోటో

మా అక్క కూతురు నీలిమ రోజుకు నలభైమందికి ఒకే మాట చెబుతుంది. "తల నిలబెట్టండి. నేరుగా సూడండి." పెద్దపంజాణిలో ఆధార్ సెంటర్ ఆపరేటరు అది. ముసలమ్మ వచ్చినా, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి వచ్చినా తెల్ల తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, కెమెరా సరిచేసి, ఆ మాట చెప్పి ఫోటో తీస్తుంది. తల కొంచెం పక్కకు వాలిందంటే కంప్యూటర్ ఒప్పుకోదు. మళ్ళీ చెప్పాలి. నీలిమ విసుక్కోదు. వేలిముద్రలు అరిగిపోయిన కూలోళ్ళ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకొని, తడిగుడ్డతో తుడిచి, ముద్ర పడేదాకా ఒక్కో వేలూ అద్దం మీద పెట్టిస్తూనే ఉంటుంది.

ఇంతమందిని నేరుగా చూడమనే పిల్ల, ఆరేళ్ళపాటు తాను మాత్రం తప్పనిసరైతే తప్ప ఏ కెమెరా ముందూ నేరుగా చూడలేదు. ఆ సంగతి చెబుదామనే కూర్చున్నాను. చెబుతుంటే నాకు కోపం వస్తుంది. వస్తే రానివ్వండి, ఎవరో ఒకరికి రావాలి కదా. ఆ పిల్లకు కోపం తెచ్చుకోవడం చాలాకాలం దాకా చేతకాలేదు.

నేను దాని పిన్నమ్మను, పేరు సరోజ. మదనపల్లెలో బడి టీచరుని. మా అక్క మునెమ్మ, బావ పాపయ్య ఒకప్పుడు ఇద్దరూ కూలికి పోయినవాళ్ళే. ఇప్పుడు బావ పలమనేరు దగ్గర పాల డెయిరీలో నెలజీతానికి ఉన్నాడు. కూతురు పరీక్ష రాసి కంప్యూటర్ ముందు కూర్చుంది. మా ఇంట్లో కుర్చీలో కూర్చొని చేసే ఉద్యోగం నా తర్వాత దానికే వచ్చింది. పెద్ద ఉద్యోగమేమీ కాదు, కానీ మా అక్క ఆ కుర్చీని చూడ్డానికే రెండుసార్లు సెంటర్‌కు పోయింది.

పదిహేనేళ్ళ వరకు నీలిమ ముఖం అందరి ముఖాల్లాగే ఉండేది. ఇంటర్‌లో చేరే వేళకు గడ్డం ఎడమవైపుకు జరగడం మొదలైంది. మొదట ఎవరూ గమనించలేదు. రెండో ఏడాదికి అందరికీ తెలిసింది. తెలిసినవాళ్ళు ఊరుకుంటే బాగుండేది, ఊరుకోలేదు. ఒక్కొక్కరు ఒక్కో కారణం కనిపెట్టారు. ఏ కారణం తీసుకున్నా తప్పు మాత్రం ఆ పిల్లదే. ఒకే పక్క నములుతుందట. చెంపకు చెయ్యి ఆనించుకొని చదువుతుందట. ఎడమపక్కకు తిరిగి పడుకుంటుందట. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని మాట్లాడుతుందట, అప్పటికి దానికి ఫోనే లేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, అందులో నా పిడికెడు కూడా ఉంది. "నువ్వు సరింగా కూర్చోని తినుమ్మా" అని నేనూ అన్నాను. టీచరమ్మను కదా, తెలియకపోయినా చెప్పడం అలవాటు.

మా అక్క ఇంకో అడుగు ముందుకేసింది. ఎడమపక్క నమిలితే గడ్డం ఎడమకు పోయింది కాబట్టి, కుడిపక్క నమిలితే వెనక్కి వస్తుందని దాని లెక్క. రోజూ సాయంత్రం గుప్పెడు వేయించిన చెనిక్కాయ గింజలు కూతురి చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చొని కుడిపక్కే నమిలించేది. చెరకు దొరికే రోజుల్లో చెరకు ముక్కలు. ఎనిమిది నెలలు సాగింది ఆ వైద్యం. కుడి చెవి ముందర కీలు నొప్పి పుట్టి, నోరు తెరిస్తే టక్కుమనేది. నొప్పి అంటే, "పని చేస్తాండాది, ఓర్చుకో" అనేది అక్క. మా వైపు అదొక నమ్మకం, నొప్పి పుట్టిందంటే మందు పారుతున్నట్టే. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా నములుతూనే ఉండేది.

ఇంతలో కరోనా వచ్చింది. అందరూ మాస్కులు పెట్టుకున్నారు. ఆ రోగం వల్ల లాభపడిన మనిషి మా ఇంట్లో నీలిమ ఒక్కతే. తర్వాత రోగం పోయింది, అందరి మాస్కులూ పోయాయి, దాని మాస్కు మాత్రం పోలేదు. సెంటర్‌లో కొత్తగా వచ్చినవాళ్ళు, పాపకు దుమ్ము పడదేమో అనుకునేవాళ్ళు.

ఇక ఫోటోల సంగతి. పుంగనూరులో గంగులప్పకు స్టూడియో ఉంది. వాళ్ళ నాయన కాలం నుంచీ ఉన్న స్టూడియో. ఇప్పుడు ఫోటోలతోపాటు ఫ్లెక్సీలు కూడా వేస్తాడు. మా కుటుంబంలో చెవులు కుట్టించినా, కాలేజీలో చేర్చినా ఫోటో ఆయన దగ్గరే. నీలిమ ఇంటర్‌లో ఉన్నప్పటి నుంచి మా అక్క ఒక పద్ధతి పెట్టుకుంది. ఫోటో తీయించాక కూతుర్ని బయట నిలబెట్టి, తాను లోపలికి పోయి గంగులప్పతో రెండు మాటలు గుసగుసలాడి వచ్చేది. గంటకు ఫోటో చేతికి వచ్చేది. అందులో నీలిమ గడ్డం గీత గీసినట్టు నడిమధ్యలో ఉండేది. ఇంటర్ ఫోటో, డిగ్రీ ఫోటో, ఆపరేటర్ పరీక్షకు కట్టిన ఫోటో, బంధువులమ్మాయి ఓణీల ఫంక్షన్‌లో నవ్వుతూ తీయించుకున్నది, అన్నీ అంతే. మా అక్క వాటిని ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, చేతిసంచిలో వేసుకొని తిరిగేది. ఎవరైనా కూతురి ముఖం గురించి అడిగితే కవరు బయటికి తీసేది. "ఇదో సూడు, ఫోటోలో బాగనే ఉండాది కదా. మనిసిని సూస్తే మీకట్ల అనిపిస్తాది, అంతే" అనేది. మనిషి ఎదురుగా నిలబడి ఉండగా ఫోటోను సాక్ష్యం పెట్టిన తల్లి మా అక్క. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అనుకుందేమో పాపం.

దానికి పంతొమ్మిదేళ్ళు నిండాక నేను పూనుకున్నాను. మదనపల్లెలో మా వీధికి దగ్గర్లోనే ఒక పళ్ళ డాక్టరు ఉన్నాడు. పేరు చెప్పను. చల్లటి గది, రంగు చేపలున్న అద్దాల పెట్టె, గోడనిండా నవ్వే ముఖాలు. నేనే తీసుకుపోయాను. ఆయన నీలిమను కుర్చీలో వెనక్కి పడుకోబెట్టి, లైటు వేసి, నోట్లోకి ఐదు నిమిషాలు చూశాడు. "పండ్లు వంకర, క్లిప్పులేస్తే అన్నీ లైన్లోకి వచ్చేస్తాయి" అన్నాడు. గడ్డం సంగతి నేను అడిగాను. "పండ్లు సరిపోతే అదీ సరిపోతుంది" అన్నాడు. దాన్ని ఒక్కసారైనా నిలబెట్టి ముఖం చూడలేదు. ఆ రోజే నాకు అనుమానం రావలసింది. చల్లగాలికి బుద్ధి కూడా చల్లబడినట్టుంది, రాలేదు.

క్లిప్పులు వేశాడు. పైపళ్ళ నుంచి కిందిపళ్ళకు ఏటవాలుగా పట్టే చిన్న చిన్న రబ్బర్లు ఇచ్చాడు, అన్నం తినేటప్పుడు తప్ప ఎప్పుడూ తీయకూడదన్నాడు. ఆ పిల్ల తీయలేదు. రోజుకు నలభైమందితో మాట్లాడే ఉద్యోగం దానిది. నోట్లో రబ్బరు లాగుతుంటే, మాస్కు కింద పెదవులు తెరవకుండా "నేరుగా సూడండి" అనేది. రబ్బరు తెగితే మార్చుకోవడానికి ఇంకో పొట్లం పర్సులోనే ఉండేది. నెలకొకసారి ఆదివారం నాడు బస్సెక్కి మా ఇంటికి వచ్చి, డాక్టరు దగ్గరికి పోయేది. ప్రతిసారీ ఒకే పాట. "నువ్వు రబ్బర్లు వేసుకోవడం లేదు. వేసుకుని ఉంటే ఈపాటికి గడ్డం మధ్యకు వచ్చేది." వేసుకుంటున్నాను సార్ అంటే ఆయన నవ్వేవాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తన పని పారకపోతే తప్పు పిల్లది.

రెండేళ్ళు. పళ్ళు ముందుకంటే వరుసలోకి వచ్చిన మాట నిజమే. గడ్డం మాత్రం ఇంకా ఎడమకు పోయింది. నీలిమ మా ఇంట్లో అద్దం ముందు నిలబడి, "పిన్నమ్మా, నేను నిద్రలో తీసేస్తా ఉండానేమో. నాకే తెలీకుండా" అంది ఒకసారి. చేయని తప్పుకు సాక్ష్యం తనలోనే వెతుక్కుంటోంది. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దలు.

మా స్కూల్లో ఇంకో టీచరుది కుప్పం. ఆమె చెబితే, పోయిన వేసవి సెలవుల్లో అక్కనూ నీలిమనూ తీసుకొని అక్కడి ఆసుపత్రికి పోయాను. బస్సులో రామకుప్పం వాళ్ళు ముందురోజు ఏనుగులు తొక్కిన రాగిచేను గురించి మాట్లాడుకుంటున్నారు. నీలిమ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "ఈడ కూడా నాదే తప్పంటే ఇంక యాడికీ రాను పిన్నమ్మా" అంది. నేను సరే అన్నాను.

అక్కడ చూసింది డాక్టర్ కీర్తన. చిన్న వయసే, ముప్పైరెండు ముప్పైమూడు ఉంటాయి. నీలిమ అలవాటు ప్రకారం పోయి కుర్చీలో పడుకోబోయింది. "పడుకోవద్దు. ఇట్లా వచ్చి నిలబడమ్మా. మాస్కు తీసెయ్" అంది డాక్టరు. "నోరు తర్వాత చూస్తా. ముందు ముఖం చూడనీ."

పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారం ఒకటి ఉంటుంది కదా, దాన్ని మూరెడు తుంచి, కనుబొమల మధ్య నుంచి ముక్కు మీదుగా కిందికి నిలువుగా పట్టింది. దారం ముక్కు మీదుగా, పై పెదవి మధ్యగా దిగింది. గడ్డం దగ్గరికి వచ్చేసరికి గడ్డం అక్కడ లేదు. వేలి మందం దూరంలో, ఎడమపక్కన ఉంది. తర్వాత ఒక చెక్కపుల్లను పళ్ళ మధ్య అడ్డంగా పట్టించింది. పుల్ల ఒక పక్కకు వాలింది. "చూడండమ్మా, ఇది పళ్ళ వంకర కాదు. దవడే ఒక పక్క పొడుగ్గా ఉంది. కుడిపక్క కీలు దగ్గర ఎముక ఎక్కువ ఎదిగి, గడ్డాన్ని ఎడమకు నెట్టింది" అంది. అంతా కలిపి పది నిమిషాలు పట్టలేదు. దారం ముక్క, చెక్కపుల్ల. మదనపల్లె చల్లటి గదిలో రెండేళ్ళుగా ఆ రెండూ దొరకలేదు.

"ఒకే పక్క నమిలితే వచ్చిందా మేడం?" అని అడిగింది నీలిమ.

"కాదు."

"పడుకునేదానివల్ల?"

"కాదమ్మా. నువ్వు చేసిన దేనివల్లా కాదు. అయితే నాకొకటి తేలాలి. ఆ ఎముక ఇంకా ఎదుగుతోందా, ఆగిపోయిందా? ఆగిపోయి ఉంటే ఒక రకం ఆపరేషన్. ఎదుగుతా ఉంటే ముందు దాన్ని ఆపాలి. అది తేల్చకుండా దవడ సరిచేస్తే రెండేళ్ళలో మళ్ళీ వంకరపోతుంది. పాత ఫోటోలు ఏమైనా ఉన్నాయా?"

మా అక్క ముఖం వెలిగింది. ఇన్నాళ్ళకు ఆ కవరుకు పని పడింది. తీసి, బల్ల మీద వరుసగా పేర్చింది. పదహారేళ్ళది, పద్దెనిమిదేళ్ళది, పరీక్షకు కట్టింది, ఓణీల ఫంక్షన్‌ది. డాక్టరు ఒక్కోటీ చేతిలోకి తీసుకొని చూసింది. ముఖం మారిపోయింది. "పంతొమ్మిదేళ్ళ వరకు ఇంత నేరుగా ఉందా? అయితే ఇదంతా ఒక్క ఏడాది రెండేళ్ళలో వచ్చిందన్నమాట. ఇంత తొందరగా వస్తే అది వేరే సంగతి. ఎముకలో గడ్డ ఏదైనా ఉందేమో చూడాలి" అంది.

గడ్డ అనే మాటకు నేను ఫోటోలు వదిలేసి నీలిమ వైపు చూశాను. నీలిమ గోడకు ఆనుకుంది. అక్క మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నేలకేసి చూస్తోంది. ఇప్పుడు తలుచుకుంటే, అప్పుడు చెప్పాల్సింది అక్క. చెప్పలేదు. చెప్పింది ఫోటోనే.

డాక్టరు ఓణీల ఫోటోను వెలుతురుకు పట్టి, నీలిమ ముఖంతో పోల్చి చూసి, "అమ్మా, ఈ పాపకు చెంప మీద పుట్టుమచ్చలు ఎన్ని?" అని అడిగింది.

"ఒకటే. కుడిపక్క" అంది అక్క.

"ఇక్కడ రెండున్నాయి."

చూశాం. కుడి చెంప మీద ఒకటి, ఎడమ చెంప మీద అచ్చంగా అదే ఎత్తులో ఇంకొకటి. నాలుగు ఫోటోల్లోనూ రెండేసి మచ్చలు. ఆరేళ్ళుగా మా సంచుల్లో, మా గోడల మీద, మా ఫోన్లలో ఉన్న ఫోటోలు. ఇంటిల్లిపాదీ చూశాం, ఒక్కరికీ కనిపించలేదు. గడ్డం నడిమధ్యలో ఉందా లేదా అని మాత్రమే చూశాం మరి. గంగులప్ప కుడిపక్క సగం ముఖాన్ని కోసి, తిరగేసి, ఎడమపక్క అంటించాడు. మచ్చ కూడా దాంతోపాటు వచ్చేసింది.

"ఇది మీ అమ్మాయి ముఖం కాదమ్మా" అంది డాక్టరు మెల్లగా. "సగం ముఖం, రెండుసార్లు. వీటిని నమ్మి ఉంటే ఎక్కడికో పోయేదాన్ని. అసలువి దొరుకుతాయేమో చూడండి."

అక్క అప్పుడు చెప్పింది. "నేనే సరి చెయ్యమన్న్యాను మేడం. పిల్ల సూసుకోని ఏడుస్తాదని."

నీలిమ ఫోటోలన్నీ తీసి మళ్ళీ కవరులో పెట్టి, కవరు తన బ్యాగులో వేసుకుంది. అక్కకు ఇవ్వలేదు.

మర్నాడు ముగ్గురం పుంగనూరులో దిగాం. స్టూడియోకు ఇంకా వంద అడుగులుందనగా నీలిమ ఆగిపోయింది. రోడ్డు పక్కన కరెంటు స్తంభానికి పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. మదనపల్లె డాక్టరు పుంగనూరులో కూడా ఆదివారాలు చూస్తాడని ప్రకటన. కింద రెండు ముఖాలు. మొదటిది వైద్యానికి ముందు, కుర్చీలో పడుకోబెట్టి తీసిన ఫోటో, కళ్ళ మీద నల్లపట్టీ. రెండోది వైద్యం తర్వాత. దానికి పట్టీ లేదు. ఓణీల ఫంక్షన్‌లో మా నీలిమ, నవ్వుతూ, రెండు మచ్చలతో. ఫ్లెక్సీలో ఒక్కో మచ్చా రూపాయి బిళ్ళంత ఉంది.

నాకు ఒళ్ళు తెలియలేదు. రెండేళ్ళు వైద్యం చేసి, బాగుకాకపోతే తప్పు నీదని పిల్లను తిట్టి, బాగైందని ఊరికి దాని ముఖమే చూపిస్తున్నాడు. ఆ ముఖం కూడా దానిది కాదు. సిగ్గూ శరం అనేవి చదువులో చెప్పరేమో. నేను అక్కడే ఫ్లెక్సీ తాళ్ళు తెంపబోయాను. నీలిమ నా చెయ్యి పట్టుకుంది. "ఉండనీ పిన్నమ్మా. ముందు లోపలికి పోదాం పా."

గంగులప్ప అరవై దాటిన మనిషి. మమ్మల్ని చూసి సంబరపడ్డాడు. "నీలిమమ్మా, బోర్డు మింద నిన్ను సూసుకున్న్యావా? డాక్టరు ముందర ఫోటో పంపించి, తర్వాతది నువ్వే బాగుండేది ఎయ్యి అన్న్యాడు. సూస్తే మన పాప. నా దగ్గర ఉండాది కదా అని ఓణీల ఫోటో ఏసేసినా."

"నన్ను అడిగినావా మామా?" అంది నీలిమ.

"మంచే చేసినాను కదమ్మా."

"మా అమ్మ అడిగితే నా మొగం సగానికి కోసినావు. డాక్టరు అడిగితే దాన్ని రోడ్డు మింద కట్టినావు. నన్నెవురూ అడగలేదు." గొంతు పెంచలేదు. ఆ పిల్ల కోపం అప్పుడే మొదటిసారి చూశాను. "ఈ మచ్చ రెండోది యాడినుంచి వచ్చిందో సూడు."

గంగులప్ప కళ్ళజోడు పెట్టుకొని చూశాడు. చాలాసేపు చూశాడు. "తిరగేసే ముందు కుడిపక్కది తుడిపేస్తే అయిపోయేది. టెన్త్ సర్టిఫికెట్‌లో గుర్తు ఆ మచ్చే కదా, గుర్తు చెరిపితే రేప్పొద్దు పాపకు ఇబ్బంది అని ముట్టుకోలేదు. ఎడమపక్కది నా కంటికి ఆనలేదమ్మా" అన్నాడు. సర్టిఫికెట్‌లోని మచ్చను కాపాడాడు, ముఖాన్ని మార్చాడు. ఏం చెప్పాలి ఆ మనిషికి?

నీలిమ అడిగింది ఒక్కటే. "అసలు ఫోటోలు ఉండాయా?"

ఉన్నాయి. అదొక్కటి మాత్రం ఆయన దగ్గర మెచ్చుకోవాల్సిన గుణం. వాళ్ళ నాయన నెగిటివ్ ఒక్కటి కూడా పారేయలేదట, ఈయన కూడా తీసింది తీసినట్టు ఊరి పేరుతో దాచిపెడతాడు. పాత కంప్యూటర్‌లో పెద్దపంజాణి అని వెతికి, తేదీల ప్రకారం ఒక్కోటీ తెరిచాడు. పదహారేళ్ళ నీలిమ. గడ్డం కొంచెం, చూసీ చూడనంత, ఎడమకు. పద్దెనిమిదేళ్ళ నీలిమ. ఇంకొంచెం. పరీక్ష ఫోటో. ఇంకొంచెం. ఓణీలు. కంటికి కొట్టొచ్చినట్టు. ఏటేటా జరుగుతూ పోయింది, మధ్యలో ఎక్కడా ఆగలేదు. చెనిక్కాయలు నమిలించిన ఎనిమిది నెలలూ జరిగింది. రబ్బర్లు వేసుకున్నాక కూడా జరుగుతూనే ఉందని నీలిమ ముఖమే ఎదురుగా చెబుతోంది.

అక్క తెర ముందుకు వచ్చి నిలబడింది. కూతురి అసలు ముఖాన్ని ఫోటోలో చూడడం దానికి అదే మొదలు. పదహారేళ్ళ ఫోటో మీద వేలు పెట్టి, "అప్పుడు ఇంతే ఉన్న్యాది. అప్పుడే డాక్టరు కాడికి తీసకపోయింటే" అని కూలబడి ఏడ్చింది. నీలిమ పక్కన కూర్చొని, "నువ్వు దాసింది నా కోసరమే అని నాకు తెలుసు. అయినా నాకు కోపంగా ఉండాది మా. కొన్నాళ్ళు ఉంటాది" అంది. అంత సూటిగా చెప్పడం నాకు నచ్చింది.

గంగులప్ప నాలుగు ఫోటోలూ కాపీ చేసి ఇచ్చాడు. నీలిమ తన ఆధార్ ఫోటో కూడా జతచేసింది. పదిహేనేళ్ళప్పుడు తీసింది, మసకగా ఉంటుంది, కానీ ఆ కెమెరాకు ఎవరి తల్లీ పోయి గుసగుసలాడలేదు. అందులో గడ్డం నిజంగానే నడిమధ్యలో ఉంది.

డాక్టర్ కీర్తన ఐదు ఫోటోలనూ తెరమీద పెట్టి కొలిచింది. ఎముక ఎక్కడ ఎదుగుతోందో చూపించే స్కాన్ ఒకటి రాసిస్తే బెంగళూరు పోయి చేయించాం. కుడి కీలు దగ్గర ఎముక ఇంకా ఎదుగుతూనే ఉంది. గడ్డ కాదు, ప్రాణానికి భయం లేదు. ముందు ఆ ఎదిగే భాగాన్ని కొంచెం తీసేస్తారు, దవడ నిలిచిందని తేలాక మిగతాది సరిచేస్తారు. "ఈ రబ్బర్లు పళ్ళనే లాగుతాయి, ఎముక ఎదిగేదాన్ని ఆపలేవు. నువ్వు రోజుకు ఇరవైనాలుగు గంటలు వేసుకున్నా ఇంతే" అంది డాక్టరు. నీలిమ ఆ మాటను ఇంకోసారి చెప్పమంది. ఆమె ఇంకోసారి చెప్పింది.

పాత ఎక్స్‌రేలు, కేసు కాగితాలు కావాలని కుప్పంలో అడిగారు. అందుకని మళ్ళీ మదనపల్లె డాక్టరు దగ్గరికి పోవలసి వచ్చింది. కౌంటర్‌లో ఉండే పిల్ల ఫైలు తీసి నీలిమ చేతికిచ్చింది. నీలిమ నిలబడి పేజీలు తిప్పింది. ఇంగ్లీషులో రాసి ఉంది. తేదీ, కింద ఒక వాక్యం. వచ్చే నెల తేదీ, కింద అదే వాక్యం. తెలుగులో చెప్పాలంటే, పేషెంటు సహకరించడం లేదు. నేను పక్కనుంచి లెక్కపెట్టాను. పంతొమ్మిదిసార్లు రాశాడు.

డాక్టరు లోపలినుంచి వచ్చి, "కుప్పం పోతున్నారంట. పోండి. రబ్బర్లు వేసుకోకపోతే ఎక్కడికి పోయినా ఇదే కథ" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ, చేపల పెట్టె వైపు చూస్తూ.

నేను నోరు తెరిచాను. నీలిమ నాకంటే ముందు మాస్కు తీసింది. ఆ గదిలో ఎనిమిదిమంది కూర్చొని ఉన్నారు.

"రెండేండ్లు మీరు నా నోట్లోకి సూసినారు సార్. ఈపొద్దు నా మొగం సూడండి." ఆయన అటూ ఇటూ చూశాడు. "అట్ల కాదు. తల నిలబెట్టండి. నేరుగా సూడండి." రోజుకు నలభైమందికి చెప్పే గొంతుతోనే చెప్పింది, విసుగు లేకుండా, ముద్ర పడేదాకా వదలని గొంతుతో.

ఆయన చూశాడు. చూడక తప్పలేదు. గోడమీద నవ్వే ముఖాల మధ్య ఫ్లెక్సీలోని రెండు మచ్చల బొమ్మ కూడా ఉంది. కూర్చున్నవాళ్ళు ఆ బొమ్మనూ ఈ పిల్లనూ మార్చి మార్చి చూస్తున్నారు. ఒకామె లేచి, తన కొడుకు చెయ్యి పట్టుకొని బయటికి పోయింది. డాక్టరు క్షమాపణ చెబుతాడేమో అని నేను కాసేపు చూశాను, నాదే అత్యాశ.

నీలిమ గోడమీది తన బొమ్మను తీసి, మడిచి, బ్యాగులో పెట్టుకుంది. "పుంగనూరులోది మీరే విప్పించండి" అంది. తర్వాత కౌంటర్ మీది పెన్ను తీసుకొని, ఫైల్లో చివరి పేజీకి పోయింది. పంతొమ్మిదో వాక్యం కింద ఖాళీ ఉంది. అక్కడ తెలుగులో, పిల్లలకు కూడా అర్థమయ్యేటట్టు గుండ్రంగా రాసింది. "పేషెంటు రెండేళ్ళూ సహకరించింది." కింద తేదీ వేసి సంతకం పెట్టింది. రోజూ ఫారాల మీద వేసే అలవాటు కొద్దీ సంతకం పక్కన తన ఆపరేటర్ నంబరు కూడా వేసింది.

"దీన్ని జిరాక్స్ తీసి నాకియ్యి. అసలుది ఈడే ఉండనీ" అని ఫైలు కౌంటర్ పిల్ల ముందు పెట్టింది. ఆ పిల్ల డాక్టరు వైపు చూడకుండా లేచిపోయి, మిషన్ వేసింది.